ఒక డిగ్రీ వంకర

ఆ ఏడు మా సంస్థకు 'బి' గ్రేడు వచ్చింది. అంతకుముందు ఏడూ 'బి' గ్రేడే. కానీ ఈసారి కారణం దొరికింది.

తనిఖీ బృందంతో దిగిన ఫోటోలో వెనకాల కట్టిన బ్యానరు ఎడమవైపు కిందికి జారి ఉంది. డైరెక్టర్ పరాంకుశం గారు ఆ ఫోటోను బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. పరిశోధన తగ్గిందనీ, సగం ప్రయోగశాలల్లో ఏసీలు పనిచేయడం లేదనీ నివేదికలో రాసి ఉంది. నివేదిక ఆయన చదవలేదు. ఫోటో చూశారు.

"జోగినాయుడు గారూ, లోపం ఎక్కడుందో గ్రహించారా?" అన్నారు నాతో.

"బ్యానరు వంకరండి" అన్నాను. నేను ఆ ఆఫీసులో సూపరింటెండెంటుని. పై అధికారి ఏది చూస్తే అది నాకూ కనపడుతుంది.

"బ్యానరు ఒక లక్షణం మాత్రమే. రోగం సంస్థాగతమైనది. రాయండి."

రాశాను. ఆ సంవత్సరాన్ని సరళరేఖా సంవత్సరంగా ప్రకటించడమైనది. ప్రాంగణంలో ఉన్న సమస్త వస్తువులూ అర డిగ్రీకి మించిన వంకర లేకుండా ఉండవలెను. అమలుకు ఒక సంఘం. దానికి కన్వీనరు ఎస్టేట్ ఆఫీసర్ కూర్మారావు. ఎర్రటి కాంతిరేఖ చిమ్మే కొలత యంత్రం ఒకటి ఆయనకు కొనిచ్చారు. అప్పటిదాకా కూర్మారావుని ఎవరూ లెక్కచేసేవారు కాదు. యంత్రం మెడలో పడ్డాక ప్రొఫెసర్లు లేచి నిలబడటం మొదలుపెట్టారు. నిటారుగా.

మా సంస్థ విజయనగరం దాటాక, జాతీయ రహదారి పక్కన ఉంటుంది. అతి సూక్ష్మ పదార్థాల మీద పరిశోధన చేస్తుంది. చేస్తుందని బోర్డు మీద ఉంది. ఆ బోర్డునే ముందు సరిచేశారు. తరవాత కుర్చీలు, పూలకుండీలు, గేటు. గేటు దగ్గర కొబ్బరిచెట్లు తుపానుకి పడమటికి ఒరిగి ఉండేవి. వాటికి తాళ్లు కట్టి లాగారు. రెండు నిలబడ్డాయి. ఒకటి పూర్తిగా పడుకుంది. పడుకున్నది కూడా తిన్నగానే పడుకుంది కనుక అది ఉత్తర్వును పాటించినట్టుగానే రాసుకున్నారు.

క్యాంటీన్లో జిలేబీ మాన్పించారు. బదులుగా కాజా పెట్టారు. కాజా లోపల మడతలున్నాయని ఫిర్యాదు వచ్చింది. చివరికి బిస్కెట్లు మిగిలాయి. అవీ చదరపువి. సెక్యూరిటీ వాళ్ల మీసాల కొసలు దించారు. మేడ మీదికి పోయే గుండ్రటి మెట్లు మూసేశారు. పైనున్న ఇద్దరు సైంటిస్టులకు అన్నం తాడు కట్టి బుట్టలో పంపేవాళ్లం. ఆ బుట్ట తిన్నగా ఎక్కుతోందని కూర్మారావు స్వయంగా చూసేవాడు.

తెలుగు అక్షరాల్లో సరళరేఖ అన్నది లేదని, అన్నీ గుండ్రమేనని సంఘం గుర్తించింది. ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాలు ఇకమీదట ఇంగ్లీషులో ఉండాలన్నారు. అంతకుముందూ ఇంగ్లీషులోనే ఉండేవి. ఇప్పుడు కారణం దొరికింది.

ఆ తరవాత క్వార్టర్ల మీద పడ్డారు.

మా ఇంటికి కూర్మారావు, వెనకాల తాపీమేస్త్రీ సీతన్న వచ్చారు. ముందుగదిలో తలుపు పక్కన ఒక మేకు ఉంది. నా భార్య అప్పలనర్సమ్మ పచ్చడిబండతో కొట్టింది. నన్ను కొట్టమని వారం రోజులు అడిగి, విసిగి, తానే కొట్టింది. కిందికి, కుడిపక్కకి వాలి ఉంటుంది. సంచీ తగిలిస్తే జారుతుంది. జారినా అక్కడే తగిలించేది. ఆమె పోయి మూడేళ్లు. మేకు ఖాళీగా ఉంది.

కూర్మారావు యంత్రం పెట్టి చూశాడు. "అబ్బో! జోగినాయుడు గారూ, ఇది ఇరవై డిగ్రీలు. మీ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వే కదా, మీ ఇంట్లోనే ఇలాగైతే ఎలా?"

"అది వస్తువు కాదండి" అన్నాను.

"మరేటి?"

జవాబు కోసం ఆగకుండా ఆయన సీతన్నకి సైగ చేశాడు.

"ఏటి సేస్తాం సూపర్నెంటు గారూ" అన్నాడు సీతన్న, నా వంక చూడకుండా. "పీకమన్నారు. పీకుతన్నాను. అమ్మగారు గట్టిగానే కొట్టినారు, రాట్లేదు సూడండి."

వచ్చింది. గోడలో చిల్లు మిగిలింది. మేకు నా చేతిలో పెట్టి, అందినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను. తిన్నగా.

సరే. ఇంతవరకు జరిగింది మామూలే. అసలు సంగతి నేలమాళిగలో ఉంది.

నేలమాళిగలో శ్యామల అనే అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. నెల్లిమర్ల దగ్గరి పిల్ల. తండ్రి గోనెసంచుల మిల్లులో పనిచేసేవాడు. గైడుగారు విదేశంలో సదస్సులో ఉన్నారు. ఆయన ఎప్పుడూ సదస్సులోనే ఉంటారు. ఆ అమ్మాయీ, అణువుల్ని చూసే ఒక సూక్ష్మదర్శినీ, అంతే ఆ గదిలో. వార్షిక నివేదిక కోసం అందరి పరిశోధనల పేర్లూ తెప్పించినప్పుడు ఆమెది కూడా వచ్చింది. 'మెలితిప్పిన రెండు పొరల పదార్థంలో ఎలక్ట్రాన్ల స్థితులు.'

కూర్మారావు ఆ కాగితం మీద వేలు పెట్టాడు. "మెలితిప్పిన?"

రికార్డు రాయడానికి నేనూ వెంట వెళ్లాను. గదిలో అడుగు పెట్టగానే శ్యామల పెదవుల మీద వేలు పెట్టుకుంది. "నెమ్మదిగా మాట్లాడండి సార్. గట్టిగా దగ్గితే సూది అదిరిపోద్ది."

"మేము తనిఖీకి వచ్చాం" అన్నాడు కూర్మారావు. కానీ గుసగుసగానే అన్నాడు. "ఇక్కడ మెలితిప్పింది ఏది?"

"కనపడదు సార్. పెన్సిల్ ముక్కులో ఉండే సరుకే. పొరలు పొరలుగా ఉంటాది. టేపుతో ఊడదీస్తే ఒక్క అణువు మందం పొర వస్తాది. దాని మీద ఇంకో పొర పెట్టాం. కొంచెం తిప్పి."

"చెయ్యి జారిందా?"

"లేదు సార్. కావాలనే తిప్పాం."

కూర్మారావు నా వైపు తిరిగాడు. "ఉద్దేశపూర్వకం. రాసుకోండి. ఎంత తిప్పారు?"

"ఒకటి పాయింట్ ఒకటి డిగ్రీ."

"పరిమితి అర డిగ్రీ అని నీకు తెలీదా అమ్మా?"

శ్యామల సొరుగులోంచి రెండు దోమతెర ముక్కలు తీసింది. ఒకదాని మీద ఒకటి పరిచి లైటుకి అడ్డంగా పట్టింది. "ఇలా తిన్నగా పెడితే వట్టి వలే సార్. ఇప్పుడు కాస్త తిప్పుతాను, చూడండి."

తిప్పింది. వల మీద పెద్ద పెద్ద పువ్వులు తేలాయి. నేను చూశాను. బాగున్నాయి.

"పొరల్లోనూ ఇలాగే. సరిగ్గా ఈ తిప్పుడు దగ్గర ఎలక్ట్రాన్లు పరుగు మానేసి, ఒకదాన్నొకటి పట్టించుకోవడం మొదలెడతాయి. నడుమ అంతా కదలకుండా ఉండిపోయి, అంచుల వెంబడి మాత్రం కరెంటు పారతాది. దాన్ని అణువు అణువూ ఫోటో తీస్తున్నాను. సూది తాకీ తాకకుండా పైన నడుస్తాది. సగం అయింది సార్. ఇంకొక్క నెల చాలు."

"ఇంత కష్టం దేనికి? తిన్నగా పెట్టి తీసుకోవచ్చు కదా."

"తిన్నగా పెడితే పెన్సిలే సార్."

"పెన్సిలుకేం? మంచి వస్తువు" అన్నాడు కూర్మారావు. "సరిచేయడం కష్టమా?"

అక్కడ ఆ పిల్ల నిజం చెప్పింది. మా సంస్థలో అది అలవాటు లేని పని. "కష్టమేటి సార్, వేడి తగిలితే చాలు, వాటంతట అవే జారి తిన్నగా అయిపోతాయి. అందుకే ఇంత చలిలో పెట్టాం. నాలుగేళ్లలో సరిగ్గా కుదిరింది ఇదొక్కటే."

"ఇస్త్రీపెట్టె సరిపోతుందా?" అన్నాడు కూర్మారావు.

సంఘం సమావేశమైంది. పరాంకుశం గారు అధ్యక్షత వహించారు. శ్యామలను గోడ పక్కన నిలబెట్టారు.

"ఈ సంస్థ నేలమాళిగలో, నా కుర్చీకి సరిగ్గా దిగువన, పరిమితికి రెట్టింపు వంకర ప్రభుత్వ విద్యుత్తుతో పోషింపబడుతున్నదన్న విషయం నన్ను తీవ్రంగా కలచివేసింది" అన్నారు డైరెక్టర్ గారు. "వంకరగా ఉన్నది ఏ పొర?"

శ్యామల తల గోక్కుంది. "రెండూ తిన్నగానే ఉన్నాయండి. దేనికది చూస్తే ఏ వంకరా లేదు. ఒకదానితో ఒకటి పోలిస్తేనే..."

"సందిగ్ధ సమాధానాలు వద్దు. నేరం జరిగితే నేరస్తుడు ఉండి తీరాలి."

ఒక ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని, ఇందులో సాపేక్షత ఉందన్నారు. ఆయన పదోన్నతి ఫైలు ఏ దశలో ఉందని డైరెక్టర్ గారు నన్ను అడిగారు. సాపేక్షత లేదని ప్రొఫెసర్ గారు కూర్చున్నారు.

చివరికి సీనియారిటీ మీద తేల్చారు. కింది పొరను ముందు పరిచారు. కనుక అది సీనియర్. తరవాత వచ్చిన పై పొర దాన్ని అనుసరించకుండా పక్కకు తిరిగి కూర్చున్నది. ఇది క్రమశిక్షణా రాహిత్యం. పై పొరకు సంజాయిషీ నోటీసు జారీ చేయవలెను.

నోటీసు నేనే రాశాను. అందుకునేవారు లేరు. శ్యామల సంతకం పెట్టనంది. "నేను పొరను కాదు కదండి" అంది. ప్రయోగశాల తలుపుకి అంటించాం. గడువులోగా పై పొర నుంచి సమాధానం రాలేదు. ఆరోపణ అంగీకరించినట్టుగా భావించి, సోమవారంనాడు వేడి చేసి సరిచేయవలెనని ఉత్తర్వు అయింది. కూర్మారావు స్టోర్సు నుంచి కొత్త ఇస్త్రీపెట్టె తెప్పించాడు.

శనివారం శ్యామల నా సీటు దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"బాబాయ్ గారూ, మార్చితో నా ఫెలోషిప్ అయిపోద్ది. ఇది పోతే ఇంకోటి చేసేసరికి ఎన్నేళ్లో. మా నాన్న ఏటి నేర్సుకున్నావే అనడిగితే, పెన్సిల్ తయారుచేశాను అని చెప్పాల."

"గైడుగారికి చెప్పావా?"

"ఫోన్ చేశాను. మెలితిప్పిన అనే మాట తీసేసి పేరు మార్చమన్నారు."

"మార్చు."

"పేరు మారిస్తే పొర తిరగదు కదండి!"

ఆమె ముందు ఫైలు తెరిచి కూర్చున్నాను. ఒకరి మీద జాలిపడి పని చేసే అలవాటు నాకు లేదు. కానీ కూర్మారావు మా గోడ ముట్టుకున్నాడు.

"ఆ పొరలున్న పళ్లేన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చా?" అన్నాను.

"రెండూ కలిపి తిప్పుకోవచ్చు. ఎందుకండి?"

"సోమవారం రా."

డైరెక్టర్ గారి బల్ల సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. ఆయన పదవీకాలం పొడిగింపు ఫైలు ఢిల్లీలో ఆగిపోయినప్పుడు వాస్తు సిద్ధాంతి ఒకాయన కారులో వచ్చాడు. దిక్సూచి పెట్టి చూసి, బల్లను ఈశాన్యం వైపు ఒక్క చిటికెడు తిప్పించాడు. అది ఎంతో కొలిచి రాసుకున్నది నేనే. కొన్నాళ్లకు ఫైలు కదిలింది. అప్పటినుంచి బల్ల కాళ్ల చుట్టూ సున్నంతో గుర్తులున్నాయి. ఊడ్చేవాళ్లు కూడా దాన్ని జరపకూడదు. కూర్మారావు ప్రాంగణమంతా కొలిచాడు కానీ ఆ గదిలోకి యంత్రం తీసుకుపోలేదు. అంత ధైర్యం యంత్రంతో రాదు.

సోమవారం పొద్దున నేనొక నోటు పెట్టాను. సరిచేయుటకు ముందు, దేనితో పోల్చి సరిచేయవలెనో ఉత్తర్వులో లేదు. సంస్థకు ప్రామాణిక రేఖ నిర్ణయించనిదే వేడి చేసినచో ఆడిట్ అభ్యంతరం రావచ్చును. సంస్థకు దిశానిర్దేశం చేయునది డైరెక్టర్ గారి బల్లయే గనుక, దాని అంచునే ప్రామాణిక రేఖగా ప్రకటించుటకు ప్రార్థన.

ఆయన ముఖం వెలిగింది. "జోగినాయుడు గారూ, ఇన్నాళ్లూ మీలో ఇంత దార్శనికత ఉన్నదని గమనించలేదు సుమండీ."

కూర్మారావు ఒప్పుకోలేదు. ఇంజినీరింగు ప్లాను ప్రకారం భవనం తూర్పు గోడే ప్రామాణికమని, దాన్ని బట్టే తాను గేటు నుంచి మీసాల దాకా అన్నీ కొలిచానని అన్నాడు.

"బల్ల అయితేనేం, గోడ అయితేనేం? రెండూ ఒకటే కదా. కొలిచి రికార్డు చేయండి" అన్నారు డైరెక్టర్ గారు. పొంగులో ఉన్నారు. మరిచిపోయారు.

కూర్మారావు యంత్రాన్ని బల్ల మీద పెట్టాడు. ఎర్రగీత గోడ మీద పడింది. మీటలు నొక్కాడు. గట్టిగా చదవడం ఆయన అలవాటు.

"ఒకటి పాయింట్ ఒకటి డి..."

గదిలో ఏసీ చప్పుడు వినపడింది. మా ఆఫీసులో పనిచేసే ఏసీ అదొక్కటే.

"బల్లను గోడకు సరిచేద్దామా అండీ?" అన్నాను నేను.

"బల్లను ముట్టుకోరాదు!" డైరెక్టర్ గారు కిందికి వంగి సున్నం గుర్తుల మీద రెండు చేతులూ అడ్డంపెట్టారు. తరవాత సర్దుకుని, "ప్రత్యామ్నాయాలు పరిశీలించండి. గోడను బల్లకు అనుగుణంగా మార్చుటకు అవకాశమున్నదా?" అన్నారు.

కూర్మారావు ఆలోచించాడు. "భవనం కింద జాకీలు పెట్టి తిప్పొచ్చండి. హైవే వాళ్ల అనుమతి కావాలి. అంచనా తయారుచేయిస్తాను." చేయించాడు కూడా. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

"అంతదాకా ఒక మధ్యేమార్గం ఉందండి" అన్నాను. "సంస్థకు రెండు ప్రామాణిక రేఖలు ఉండవచ్చునని ప్రకటిద్దాం. గోడ ప్రకారం ఉన్నదీ సరళమే. బల్ల ప్రకారం ఉన్నదీ సరళమే. గోడ పరిపాలనకు, బల్ల నాయకత్వానికి."

"నాయకత్వానికి" అన్నారు ఆయన. ఆ మాట నోట్లో కాసేపు నానింది.

అప్పుడు శ్యామలను లోపలికి పిలిచాను. "అమ్మా, నీ కింది పొరను గోడకు సరిగ్గా తిప్పి పెట్టగలవా?"

"పెట్టగలనండి."

"అప్పుడు పై పొర దేనికి సరిపోతుంది?"

ఆమె ఎర్రగీత వంక చూసింది. బల్ల వంక చూసింది. నవ్వు దాచుకోవడానికి తల వంచుకుంది. "డైరెక్టర్ గారి బల్లకండి. తిరిగిన వైపు కూడా అదేనండి."

డైరెక్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "అనగా ఆ పై పొర..."

"మిమ్మల్ని అనుసరిస్తోందండి" అన్నాను.

సంజాయిషీ నోటీసు ఉపసంహరించారు. రెండు పొరలకు వేరు వేరుగా సరళతా ధ్రువపత్రాలు ఇచ్చారు. పై పొరదానికి డైరెక్టర్ గారు స్వయంగా సంతకం పెట్టారు. ఇస్త్రీపెట్టెను కూర్మారావు ఇంటికి తీసుకుపోయాడు.

నా మేకు గురించి నేను అడగలేదు. దానికి సరిపోయే రేఖ లేదు. ఇరవై డిగ్రీలు వాలిన అధికారి మా సంస్థలో ఉన్నాడు కానీ, ఆయన బల్ల తిన్నగా ఉంటుంది.

నెల తరవాత శ్యామల ఫోటోలు పూర్తిచేసింది. ముందు నాకే చూపించింది. నల్లటి నేల మీద తేనెపట్టులాగా అణువులు. నడుమ అంతా చీకటి. అంచు వెంబడి వెలుగు సన్నగా, తెగకుండా పారుతోంది.

"నడుమ ఏటీ కదల్దు బాబాయ్ గారూ. పనంతా అంచుల్లోనే."

"మన ఆఫీసేగా" అన్నాను.

పకపకా నవ్వింది. తరవాత ఒకచోట వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ చూడండి. ఒక అణువు లేదు. ఊడిపోయింది."

"మరి కరెంటు?"

"ఆగదు. చుట్టూ తిరిగి పోతాది. అదే దీని గొప్ప."

అవునా అన్నాను. ఫోటో చాలాసేపు చూశాను. పోయినవాళ్లను చుట్టి ముందుకు పోవడం గొప్ప అని నేను అనుకోను. కానీ అది ఎలక్ట్రాను. దానికి తోచింది అది చేసుకుంటుంది.

ఫోటోను పెద్దది చేయించి డైరెక్టర్ గారి గదిలో ఆవిష్కరించారు. తిన్నగా నిలబెట్టారు. దేనికి తిన్నగా అన్న ప్రశ్న రాకుండా బల్లకీ గోడకీ మధ్యన, ఒక స్టాండు మీద పెట్టారు. విలేకర్లు వచ్చారు. చదరపు బిస్కెట్లు పంచారు. పరాంకుశం గారు ఫోటో దగ్గరికి వెళ్లి కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇదేమిటి ఇక్కడ చిల్లు?"

"అణువు ఒకటి లేదండి" అంది శ్యామల. "ఆ చిల్లు ఉండటం వల్లే మన ఫోటో ప్రత్యేకమైందండి."

ఆయనకు రెండో మాట వినపడలేదు. మర్నాడు నన్ను పిలిచారు. "జోగినాయుడు గారూ, లోపం ఎక్కడుందో గ్రహించారా?"

"చిల్లండి."

"రాయండి."

రాశాను. కొత్త సంవత్సరాన్ని రంధ్రరహిత సంవత్సరంగా ప్రకటించడమైనది. ప్రాంగణంలోని సమస్త రంధ్రాలనూ పక్షం రోజుల్లోగా పూడ్చి నివేదిక సమర్పించవలెను. క్యాంటీన్లో గారెలు మాన్పించారు. కూర్మారావుకి లాంతరు లాంటి కొత్త యంత్రం వచ్చింది.

శ్యామల అప్పటికి సిద్ధాంతగ్రంథం సమర్పించేసింది. అయినా ఫోటోలోని చిల్లు మీద వచ్చిన నోటీసుకి బుద్ధిగా సమాధానం పంపింది. 'సదరు రంధ్రము అత్యున్నత శ్రేణి శూన్యముతో పూర్తిగా నింపబడినది.' ఆ సూక్ష్మదర్శిని లోపల గాలి ఉండదు. ఆమె రాసింది నిజమే. శూన్యం నాణ్యత బాగుందని సంఘం మెచ్చుకుంది.

ఆఖరి రోజున సీతన్న సిమెంటు తట్టతో మా గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల కూర్మారావు. "తలుపు పక్కన చిల్లు ఉంది కదండీ, పూడ్చాలి" అన్నాడు.

"పూడ్చేశాను" అన్నాను.

లోపలికి వచ్చి చూశాడు. కిందికి, కుడిపక్కకి వాలి, ఎప్పటి మేకు అక్కడ ఉంది. నేనేమీ వాల్చలేదు. ఆమె చేసిన చిల్లు ఎటుంటే మేకు అటే పోయింది. పచ్చడిబండతోనే కొట్టాను.

కూర్మారావు మెడలో కొత్త యంత్రం చిల్లుల కోసం వెతికింది. దొరకలేదు. పాత యంత్రం స్టోర్సులో జమ అయిపోయింది. సరళరేఖా సంవత్సరం ముగిసింది.

"దేంతో పూడ్చారని రాయమంటారు?" అన్నాడు.

"ఇనుముతో."

రాసుకున్నాడు. సీతన్న తట్ట దించి గోడ వంక, నా వంక చూశాడు.

"గట్టిగానే కొట్టినారు సూపర్నెంటు గారూ."

"నువ్వు పీకావు కనుక మళ్లీ కొట్టాల్సొచ్చింది" అన్నాను. మంచినీళ్లు అడిగాడు. కుళాయి బయట ఉందని చెప్పి తలుపు వేసుకున్నాను.

సంచీ తీసి తగిలించాను. జారింది. మళ్లీ తగిలించాను.